మాడిన మట్టలు కొట్టేయకండి అక్కా, ముందు మొవ్వు చూడండి

హైదరాబాద్ శివార్లలోని కొల్లూరు నుంచి ఒక అక్క పెద్ద ఉత్తరం రాశారు. మొత్తం వేస్తే చోటు చాలదు, అసలు విషయం వాళ్ళ మాటల్లోనే కొంచెం కుదించి ఇస్తున్నా:

"ఇల్లు కట్టుకుని 3 ఏళ్ళయింది. గేటు లోపల కాంపౌండ్ వాల్ పక్కన వరసగా 4 ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, వెనక అమలాపురం నుంచి తెచ్చి పెట్టిన కొబ్బరి మొక్క, వరండా ముందు ఒక లిప్‌స్టిక్ పామ్, టెర్రస్ మీద 6 కుండీల్లో అరెకా ఉన్నాయి. సంక్రాంతి ముందు వారం మా వైపు రాత్రి 9 డిగ్రీలకి పడిపోయింది. తర్వాత చూస్తే లిప్‌స్టిక్ పామ్ ఆకులు నల్లబడ్డాయి, ఒక పిలకకి మొవ్వు (నడినెత్తిన ఇంకా విచ్చుకోని లేతాకు) పట్టుకుంటే చేతికొచ్చేసింది. కొబ్బరి మట్టలు పసుపైపోయాయి. ఫాక్స్‌టెయిల్స్‌కి కొత్తాకు పొట్టిగా, ముడుచుకుని, చివర్లు కాలినట్టు వస్తోంది. అరెకా పైన ఆకులు తెల్లగా పాలిపోయాయి. తోటమాలి మొవ్వొక్కటి ఉంచి మట్టలన్నీ కొట్టేసి యూరియా వేద్దామంటున్నాడు. మా అత్తయ్యగారు కొబ్బరి పాదులో ఉప్పు వెయ్యమంటున్నారు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి ఫొటోలు పెడితే, 2021లో వాళ్ళింటి ముందు పామ్ చెట్లు కూడా ఇలాగే అయ్యి చచ్చిపోయాయి, ఆశ పెట్టుకోకుండా తీసేయి అన్నాడు. ఎవరి మాట వినాలో తెలీట్లేదు, ఒక్కో చెట్టుకీ బాగా ఖర్చు పెట్టాం, పైగా రోజూ చూసుకునే చెట్లు, ఏడుపొస్తోంది."

అక్కా, ముందు తోటమాలిని ఆపండి. మిగతాదంతా నిదానంగా చెప్తా, ఇది మాత్రం ఇవాళే చెయ్యండి, ఎందుకంటే మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ చెట్లలో ఒక్క లిప్‌స్టిక్ పామ్‌కి తప్ప దేనికీ ప్రాణం మీదకి రాలేదు, ఇప్పుడు మట్టలన్నీ కొట్టేస్తే మాత్రం మిగతావాటికీ వస్తుంది.

మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు గానీ ఆ చలి వేరు, మన చలి వేరు. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే మన లెక్కలో మైనస్ 19 డిగ్రీలు. ఆ చలికి ఆకులోని నీళ్ళే గడ్డకట్టి కణాలు పగిలిపోతాయి. హైదరాబాద్ ఎప్పుడూ సున్నాని కూడా చూడలేదు, 1946 జనవరిలో పడిన 6.1 డిగ్రీలే ఇక్కడి పాత రికార్డు. మరి 9 డిగ్రీలకే మన చెట్లు ఎందుకు పాడవుతున్నాయంటే, చలికాలం పొద్దున్నే కొబ్బరి నూనె సీసా చూస్తారు కదా, గడ్డకట్టి ఉంటుంది, నీళ్ళు గడ్డకట్టే చలేం ఉండదు అప్పుడు, అయినా నూనె పేరుకుంటుంది. వేడి దేశాల చెట్ల కణాల చుట్టూ ఉండే పొరల్లోని కొవ్వులు కూడా దాదాపు అలాగే బిరుసెక్కి లోపలి నీళ్ళు, ఉప్పులు కారిపోతాయి, వేళ్ళు నీళ్ళు లాగడం తగ్గిపోతుంది, ఆకు మచ్చలు పడి నల్లబడుతుంది. ఇలా అయిన చెట్టుకి మంచు దెబ్బ కాదు, చల్లదనం దెబ్బ తగిలింది. దీన్నుంచి చాలా చెట్లు తేరుకుంటాయి, వెచ్చబడేదాకా వాటిని మనం కాచుకోవాలి అంతే. టెక్సస్‌లో కూడా ఆ ఏడు ఎండిపోయినట్టు కనపడ్డ పామ్‌లని వేసవి దాకా ఆగి చూడమనే అక్కడి తోటల నిపుణులు చెప్పారు, క్వీన్ పామ్‌లు చాలామటుకు పోయాయి నిజమే, విండ్‌మిల్ పామ్‌లు, సబల్ జాతివి మాత్రం ఎక్కువగా బతికి మళ్ళీ మొవ్వేశాయి.

ఇక మట్టల సంగతి. వేపకో మామిడికో ఒక కొమ్మ పోతే ఇంకో కొమ్మ వస్తుంది, పామ్‌కి అలా కాదు, ఒక్కో మానుకి ఒకటే మొవ్వు, అది పోతే ఆ మాను పోయినట్టే. ఆ మొవ్వు లోపల ఇంకా బయటికి రాని ఆకులు బోలెడన్ని ఒకదాంట్లో ఒకటి చుట్టుకుని ఉంటాయి, వాటికి తిండి ఎక్కడ్నుంచి వస్తుందంటే ఈ పాత మట్టల్లోంచే. సగం మాడినా మిగతా సగం పచ్చగా ఉంటే అది ఇంకా వంట చేస్తున్నట్టే లెక్క, మట్ట మధ్య ఈనె పచ్చగా ఉన్నా కొంత సాయమే. పైగా ఆ మట్టలే మొవ్వు చుట్టూ దుప్పటిలా ఉండి రాత్రి చలి నేరుగా తగలకుండా కాస్తాయి. ఇంకో భయం కూడా ఉంది, పచ్చి మట్ట కొడితే వచ్చే వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది, అది గాయంలో గుడ్లు పెట్టి పిల్లలు మాను లోపలికి తొలిచేస్తే పైకి తెలిసేసరికి చెట్టు అయిపోయినట్టే. అందుకే కొబ్బరిలో పచ్చి మట్ట కొట్టక తప్పకపోతే మానుకి 120 సెంటీమీటర్ల దూరంలో కొట్టమంటారు, మొదలంటా కాదు. పూర్తిగా ఎండి, గోధుమ రంగయ్యి, తనంతట తాను వేలాడే మట్ట ఒక్కటే తీయండి, అది కూడా ఫిబ్రవరి దాటాక.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఒకసారి నేను పోగొట్టుకున్నా. రాజేంద్రనగర్ వైపు ఉన్నప్పుడు ఒక బాటిల్ పామ్ పెంచాను, అది మారిషస్ పక్కన రౌండ్ ఐలాండ్ అనే చిన్న దీవిది, ఒకప్పుడు అడవిలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాత్రమే మిగిలాయి. డిసెంబర్‌లో దుమ్ము పట్టిందని సాయంత్రం పూట పైపుతో నెత్తి మీద నుంచి నీళ్ళు కొట్టేవాణ్ణి, ఆ నీళ్ళు మొవ్వులో నిలబడి రాత్రంతా చల్లగా ఉండేవి. జనవరిలో ఆకులు మచ్చలు పడితే నీట్‌గా ఉంటుందని అన్నీ కోసేశా. శివరాత్రికి మొవ్వులోంచి కుళ్ళు వాసన మొదలైంది, తర్వాత ఏం చేసినా ఆగలేదు. 7 ఏళ్ళు పెంచిన చెట్టు, ఆ చోటు ఇప్పటికీ గుర్తొస్తుంది నాకు.

మీ లిప్‌స్టిక్ పామ్ దగ్గరికొద్దాం, బాగా దెబ్బతిన్నది అదే. అది మలేషియా, ఇండోనేషియా వైపు చిత్తడి అడవుల చెట్టు, అక్కడ రాత్రీ పగలూ వెచ్చగా, గాల్లో తడిగా ఉంటుంది. 15 డిగ్రీల కిందకి పోతేనే దానికి ఇబ్బంది, మీ దగ్గర 9 అయింది. అమ్మినవాళ్ళు ఈ ముక్క చెప్పి ఉండాల్సింది, ఎర్రగా అందంగా ఉందని కొనేవాళ్ళకి ఇది తెలీదు కదా. అయితే ఒక మంచి విషయం ఏంటంటే అది గుంపుగా పిలకలేసే చెట్టు, ఒక పిలక మొవ్వు ఊడినంత మాత్రాన మొత్తం పోయినట్టు కాదు, పక్క పిలకల మొవ్వులు మెల్లగా, చాలా మెల్లగా లాగి చూడండి, గట్టిగా ఉంటే వాటి జోలికి పోవద్దు. ఊడిన దాంట్లో మాత్రం వేలితో గానీ చిన్న స్పూన్‌తో గానీ లోపలి కుళ్ళు, జిగురు మొత్తం తీసేసి, మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంచెం పోయండి, నురగ ఆగాక ఒక పూట ఆరనిచ్చి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి ఆ గుంటలో, పక్క మొవ్వుల్లో తడిచేలా పోయండి. మొవ్వు కుళ్ళు తెగులుకి కొబ్బరి రైతులు వాడేది ఈ కాపర్ మందే. 15 రోజులకి ఇంకోసారి, అంతే, బాగుంది కదా అని వారం వారం పోస్తే కాపర్ ఎక్కువై అదే చెట్టుని కాలుస్తుంది. ఆ తర్వాత పై నుంచి నీళ్ళు పడకుండా చూసుకోండి. ఈ పిలక మళ్ళీ మొవ్వేస్తుందా లేదా అనేది ఎండలు ముదిరాక గానీ తేలదు, ఏప్రిల్ దాకా ఏమీ రాకపోతే అప్పుడు ఆ పిలక ఒక్కటే తీసేయండి.

కొబ్బరి గురించి అంత భయం వద్దు. కొబ్బరికి ఏడాది సగటు 27 డిగ్రీలుంటే హాయి అంటారు, సగటు చూస్తే హైదరాబాద్‌కీ దాదాపు అంతే, అందుకే అందరూ ఇక్కడా పెరుగుతుంది కదా అనుకుంటారు. తేడా అంతా రాత్రుల్లోనే ఉంది. కోనసీమలో పక్కనే సముద్రం, పుష్యమాసంలో కూడా రాత్రి మరీ చల్లబడదు, గాల్లో తేమ ఉంటుంది. మనది దక్కన్ మీద రాతి నేల, పగలు 28 ఉండి రాత్రికి 10, 12కి జారిపోతుంది, పైగా పొడి గాలి. ఊరి మధ్యలో సిమెంటు, తారు రోడ్లు పగటి వేడిని పట్టుకుని రాత్రి కాస్త వెచ్చగా ఉంచుతాయి, కొల్లూరు, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఖాళీ జాగాలు ఎక్కువ కాబట్టి చలి ఎక్కువ. ఊరి మధ్యలో అమీర్‌పేట లాంటి చోట కొబ్బరి బాగుందని పోల్చుకోకండి. చలికి వేళ్ళు పని తగ్గించేస్తాయి, అందుకే మట్టలు పసుపెక్కుతాయి, మొవ్వు నిటారుగా లేతగా ఉన్నంతవరకు ఫర్వాలేదు.

ఉప్పు విషయంలో అత్తయ్యగారిని నొప్పించకుండా చెప్పండి, ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. కొబ్బరికి క్లోరిన్ కావాలి, సముద్రం దగ్గర గాల్లోనే అందుతుంది, లోపలి ఊళ్ళలో పాదులో ఉప్పు వేసే అలవాటు అలా వచ్చిందే. కానీ మన బోరు నీళ్ళే ఉప్పుగా ఉంటాయి, దానికి మళ్ళీ ఉప్పు తోడైతే వేళ్ళకి నీళ్ళు అందవు, మట్టి గట్టిపడుతుంది. ఎరువుల షాపులో ఇచ్చే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే, అది వేస్తే పొటాషూ అందుతుంది, ఆవిడ చెప్పిన క్లోరినూ అందుతుంది. మన దగ్గర కాపు కొబ్బరికి చెప్పే మోతాదులోనే యూరియా కన్నా పొటాష్ రెండింతల పైన ఉంటుంది, తోటమాలికి ఈ లెక్క చెప్పండి. ఇప్పుడు చలిలో యూరియా వేస్తే తీసుకునే స్థితిలో వేళ్ళు ఉండవు, ఒకవేళ తీసుకున్నా లేత లేతగా వచ్చే ఆకు ఇంకో చలి రాత్రికే పోతుంది. ఎరువులేవైనా శివరాత్రి వెళ్ళాకే, చలి శివశివా అంటూ పోయాక.

ఫాక్స్‌టెయిల్స్ మీద నా అనుమానం వేరే. వాటి సొంతూరు ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ కొసన కేప్ మెల్విల్, అక్కడ పెద్ద పెద్ద గ్రానైట్ బండల మధ్య మొలుస్తాయి. అచ్చం మన ఖాజాగూడ గుట్టల్లాంటి చోటు అనుకోండి, కాకపోతే వెచ్చగా, వానలు ఎక్కువ. శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టిందే 1983లో, అదీ ఆ ప్రాంతపు ఆదివాసీ పెద్దాయన వొడ్యెటి పేరు మీద. 9 డిగ్రీలకి ఆ చెట్టు చావదు, ఇంకా కిందకి పోయినా తట్టుకుంటుంది. చలి దెబ్బైతే ఆకాశానికి ఎదురుగా ఉన్న ఆకులన్నీ నాలుగైదు రోజుల్లో ఒకేసారి మాడతాయి, మీకు కొత్తాకు ఒక్కటే పొట్టిగా, ముడుచుకుని, కాలినట్టు వస్తోందన్నారు, ఇది మాంగనీస్ లోపం గుర్తు. మట్టి చల్లబడితే వేళ్ళకి మాంగనీస్ సరిగా అందదు, మట్టిలో సున్నం ఎక్కువైతే అసలే అందదు. మీరు కాంపౌండ్ వాల్ పక్కన పెట్టారు కదా, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంట్ మాల్, ఇటుక ముక్కలు, సున్నం అంతా అక్కడే పూడ్చి పైన ఎర్రమట్టి పోసి ఉంటారు, నూటికి తొంభై ఇళ్ళలో నేను చూసింది ఇదే. ఒక చెట్టు దగ్గర అడుగున్నర దూరంలో గడ్డపారతో తవ్వి చూడండి, తెల్ల ముక్కలు తగిలితే ఎంత వీలైతే అంత తీయించి బాగా మాగిన పశువుల ఎరువు, ఆకుల ఎరువు కలిపి నింపండి. మాంగనీస్ సల్ఫేట్ లీటరుకి 2 గ్రాములు కలిపి ఎండ తగ్గాక కాకుండా పొద్దున పూట కొత్తాకుల మీద కొట్టండి, వెచ్చబడ్డాక పాదులో కూడా కొంచెం వేయండి. మాంగనీస్ అడిగితే చాలా షాపుల్లో మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చేస్తారు, రెండూ వేరు, ప్యాకెట్ మీద పేరు చదివి తీసుకోండి. ఒకసారి ముడుచుకున్న ఆకు మళ్ళీ విప్పుకోదు, దాని తర్వాత వచ్చే రెండో మూడో ఆకుని బట్టి బాగైందో లేదో చెప్పొచ్చు, అది చూడ్డానికి మే, జూన్ దాకా పడుతుంది.

అరెకాలకి పైన ఆకులే పాలిపోయాయంటే అది చలే. మబ్బు లేని, గాలి లేని రాత్రి టెర్రస్ మీద ఆకు తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది, ఫోన్‌లో 9 చూపిస్తే ఆకు దగ్గర ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉంటుంది. కుండీలో వేళ్ళు కూడా నాలుగు వైపుల నుంచీ చల్లబడతాయి. కుండీలన్నీ గోడ వారకి, వాటర్ ట్యాంక్ కిందో మెట్ల షెడ్ కిందో ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టండి, నెత్తి మీద ఏదో ఒక కప్పు ఉంటే సగం చలి అక్కడే ఆగిపోతుంది. ఆకుల కొసలు మాత్రమే ఎండితే అది బోరు నీళ్ళ ఉప్పు, దానికి వాన నీళ్ళో కుళాయిలో వచ్చే మంజీరా నీళ్ళో అప్పుడప్పుడు కుండీ అడుగు నుంచి కారేదాకా పోస్తే చాలు.

ఈ మాఘమాసం గడిచేదాకా ఇంకొన్ని రాత్రులు ఇబ్బంది పెట్టొచ్చు, మాఘంలో మాకులు కూడా వణుకుతాయని ఊరికే అనలేదు పెద్దలు. 12 కిందకి పోతుందని తెలిసిన రాత్రి లిప్‌స్టిక్ పామ్‌కి నాలుగు కర్రలు పాతి పైన పాత నూలు చీరో దుప్పటో కప్పండి, నేల దాకా వేలాడాలి, అప్పుడే మట్టిలోంచి వచ్చే వేడి లోపల నిలుస్తుంది. ప్లాస్టిక్ కవర్ ఆకుకి తగిలేలా కప్పొద్దు, తగిలిన చోటల్లా మాడుతుంది. పొద్దున ఎండ రాగానే తీసేయాలి. పాతకాలం 60 వాట్ల ఫిలమెంట్ బల్బు దొరికితే నీళ్ళు తగలకుండా, బట్టకి తగలకుండా లోపల వేలాడదీయండి, దీపావళి సీరియల్ లైట్లు పెట్టొద్దు, ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలే, వాటికి వేడి ఉండదు. నీళ్ళు పొద్దున 9, 10 మధ్య పాదులోనే పోయండి, వేలు పెడితే రెండంగుళాల లోపల పొడిగా ఉన్నప్పుడే. పాదు మీద ఎండాకులు మందంగా పరిచి మానుకి ఒక జానెడు దూరం వదలండి.

లిప్‌స్టిక్ పామ్ ఒకవేళ దక్కకపోతే ఆ చోట మళ్ళీ అదే పెట్టకండి, ప్రతి జనవరీ మీకు ఇదే బాధ. వెండి రంగు ఆకుల బిస్మార్కియా పామ్ మన చలికి, ఎండకి రెండింటికీ నిలబడుతుంది, చోటు మాత్రం ఎక్కువ కావాలి. చోటు తక్కువైతే చైనీస్ ఫ్యాన్ పామ్ పెట్టండి. నా మనసులో మాట అడిగితే ఈత చెట్టు పెట్టమంటా. మన నేల చెట్టు, ఎండకి ఎండదు, చలికి చావదు, పండ్లకి పిట్టలొస్తాయి, ముళ్ళున్నాయి కాబట్టి పిల్లలు ఆడే వైపు కాకుండా వెనక మూలకి. తాటి కూడా అంతే గట్టిది, ఈ సీజన్‌లో తేగలు కొని తింటాం కదా, ఆ తేగే తాటి పిల్ల మొక్క, మొలకని నేల లోపలికి దింపుకుని చాన్నాళ్ళు అక్కడే దాచుకుంటుంది. కానీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది, నాటితే మనవల కోసం నాటాలి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది, ఖర్చేమీ లేదు. పర్మనెంట్ మార్కర్ తీసుకుని ప్రతి చెట్టుకీ ఇంకా విచ్చుకోని మొవ్వాకు మీద, దాని పక్కనే ఉన్న మట్ట మీద ఒకే ఎత్తులో అడ్డంగా ఒక గీత గీయండి, రెండూ ఒకే లైన్‌లో ఉండాలి. తారీఖు ఒక కాగితం మీద రాసుకోండి. మొవ్వు బతికి ఉంటే దాని మీది గీత మెల్లగా పైకి జరుగుతుంది, చలిలో వారానికి ఒక గింజెడు కూడా జరక్కపోవచ్చు, కంగారు పడొద్దు, మార్చిలో మీకే తేడా కనపడుతుంది. శివరాత్రి మర్నాడు టేపు పెట్టి కొలిచి, 4 ఫాక్స్‌టెయిల్స్‌కీ, కొబ్బరికీ, లిప్‌స్టిక్ పిలకలకీ విడివిడిగా ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో నాకు రాయండి, కొత్తాకు ఫొటో కూడా పంపండి, ఏది ఎంత వేయాలో అప్పుడు చెట్టు చెట్టుకీ చెప్తాను.